అందము కొరకు శస్త్రము: లెక్కకు రాని ఓటములు

శస్త్రవైద్యుని యొద్దకు పోవువారిలో రెండు తెగల వారు కలరు. నొప్పి భరింపలేకయో ప్రాణభయముతోనో పోవువారు మొదటి తెగ. ఏ వ్యాధియు లేకయే తమ రూపమునందు ఒక మార్పును కోరి పోవువారు రెండవ తెగ. మొదటి వారి విషయమున తూనిక సులభము. శస్త్రము చేయకున్న రోగము మిగులును, చేసినచో బ్రదుకు దక్కవచ్చును. రెండవ వారి విషయమున తక్కెడ వేరు. ఆ మనుష్యుడు ఆరోగ్యముతో తన కాళ్లపై నడచి లోనికి వచ్చినాడు. అటుపై అతనికి కీడు మూడినచో దానిని రోగము మీదికి నెట్టుటకు వీలు లేదు. అది చికిత్స తెచ్చిన కీడే. ఈ ఒక్క భేదమును మనసున నిలుపుకొన్నచో సౌందర్య శస్త్రచికిత్స యొక్క చరిత్ర మనకు చక్కగా బోధపడును.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి హైదరాబాదు నగరము పడమటి దిక్కునకు వేగముగా పెరిగినది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, వాటికి ఉత్తరమున కూకట్‌పల్లి నానుకొని నిజాంపేట, ప్రగతి నగర్ కొత్త నివాసములతో నిండినవి. ఇచటి యువతీయువకులలో అనేకులు కంప్యూటరు తెర ముందు కూర్చుండి, సమావేశములలో ఆ తెరపైననే తమ ముఖమును తాము చూచుకొనుచు పని చేయువారు. జుట్టు నాటుదుము, కొవ్వు తీయుదుము, ముక్కు తీర్చుదుము, పలువరుస దిద్దుదుము అను ప్రకటనలు వారి చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నవి. ప్రతి ప్రకటనయందును ‘కొత్త పద్ధతి’ అను మాట తప్పక యుండును. కొత్త పద్ధతి మేలైనదో కాదో తేల్చుట యెట్లు? ఈ ప్రశ్న యీ నగరమునకు కొత్తది కాదు. 1888లోనే హైదరాబాదు దీనిని లోకము ముందు పెట్టినది. ఆ వృత్తాంతమునకు పోవుటకు ముందు ముక్కు కథ కొంత చెప్పవలసి యున్నది. ఏలయన ఈ విద్యకు మొదలు ముక్కే.

మనవారికి ముక్కు ఊపిరి పీల్చు అవయవము మాత్రమే కాదు. అది పరువునకు గుర్తు. శూర్పణఖ కథ తెలియని తెలుగువాడు లేడు. శిక్షగా ముక్కు కోయు ఆచారమున్న దేశములో, కోసిన ముక్కును తిరిగి నిలుపు విద్య పుట్టుటలో వింత లేదు. సుశ్రుత సంహితయందు చెక్కిలి నుండి చర్మమును తెచ్చి ముక్కునకు అతుకు విధానము వర్ణింపబడినది. తరువాతి కాలమున నుదుటి చర్మముతో ముక్కు చేయు పద్ధతి కొన్ని కుటుంబములలో తండ్రి నుండి కుమారునికి సంక్రమించుచు వచ్చినది. మైసూరు యుద్ధములో ఇంగ్లీషు సేనకు ఎడ్ల బండి తోలిన కవాస్‌జీ అనువానిని టిప్పు సుల్తాను సైనికులు పట్టుకొని ముక్కు, ఒక చేయి నరికిరి. పూనా ప్రాంతమున ఇటుకలు చేయు వృత్తి వాడొకడు అతనికి నుదుటి చర్మముతో కొత్త ముక్కు నిలిపెను. ఈ సంగతి 1794 అక్టోబరులో లండను నగరపు జెంటిల్‌మన్స్ మాగజైన్‌లో చిత్రముతో సహా వెలువడెను.

ఆ వార్త చదివినవారిలో జోసెఫ్ కార్ప్యూ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు కలడు. అతడు చేసిన పని గమనింపదగినది. మరునాడే కత్తి పట్టలేదు. భారతదేశములో పనిచేసి వచ్చినవారి నడిగి వివరములు సేకరించెను. మృతదేహములపై అభ్యాసము చేసెను. వార్త వెలువడిన 20 సంవత్సరములకు, 1814లో, మొదటి రోగిపై ఆ ప్రక్రియను జరిపెను. రెండవ రోగికి కూడ నయమైన పిమ్మట 1816లో తాను చేసిన దానిని, చేసిన తీరును, అచ్చు వేయించెను. ఎల్లరు చూచి ప్రశ్నించుటకు వీలుగా తన పనిని బయటపెట్టుట ఆయన వృత్తిధర్మము. పూనా కళాకారునికి నేర్పు తక్కువ కాదు. కాని ఆ విద్య కుటుంబము గడప దాటలేదు. గడప దాటని విద్యను పరీక్షించువాడును, దిద్దువాడును ఉండడు.

కవాస్‌జీ గాని, కార్ప్యూ రోగులు గాని ఆ బాధనంతయు తెలివితోనే భరించిరి. ముఖము లేని బ్రదుకు కంటె ఆ బాధయే మేలని వారు తలచిరి. కొంచెము అందము కొరకు అంత బాధ పడువారు అరుదు. కావున సౌందర్య శస్త్రచికిత్సకు నిజమైన ద్వారము మత్తుమందు వలన తెరవబడినదని చెప్పవలెను. 1846లో ఈథరు, 1847లో ఎడింబరోలో సింప్సన్ చేతి మీదుగా క్లోరోఫారము వాడుకలోనికి వచ్చెను. 1887లో అమెరికా దేశమున రోచెస్టరు నగరములో జాన్ ఓర్లాండో రో అను వైద్యుడు, వ్యాధి లేని ముక్కును కేవలము రూపము కొరకై లోపలి నుండి దిద్దు విధానమును ప్రకటించెను. పైకి మచ్చ కూడ కనబడదు. ఆరోగ్యవంతుడు అందము కొరకై శస్త్రమునకు ఒడంబడు కాలము అట్లు మొదలైనది.

అయితే మత్తుమందు నిర్దోషి కాదు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు వచ్చి, క్లోరోఫారము పీల్చిన కొలది నిమిషములలో మరణించెను. చిన్న పనికై వచ్చి, ఆరోగ్యముతో నుండిన పిల్ల ప్రాణము కోల్పోయెను. ఇట్టి మరణములపై వైద్యలోకము రెండుగా చీలినది. మొదట ఆగునది గుండె, కావున నాడిని కనిపెట్టవలెనని ఒక పక్షము. మొదట ఆగునది ఊపిరి, కావున దానినే కనిపెట్టవలెనని ఎడింబరో పక్షము.

ఆ రెండవ పక్షమునకు చెందిన ఎడ్వర్డు లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, వైద్య పాఠశాలకు అధిపతిగాను ఉండెను. ఎడింబరోలో సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని యొద్ద నేర్చినవాడు. వేలాది రోగులకు క్లోరోఫారము ఇప్పించి తన పద్ధతిపై అచంచల విశ్వాసము పెంచుకొన్నవాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము సహాయముతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడెను. జంతువులపై ప్రయోగములు చేసి, ఊపిరియే మొదట ఆగునని అది తేల్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ తీర్మానమును అంగీకరింపలేదు.

అప్పుడు జరిగినది మన నగరమునకు గర్వకారణము. విమర్శించిన పత్రికనే తన పక్షమున ఒక నిపుణుని పంపుమని కోరి, ఆ ఖర్చులకై నిజాము ప్రభుత్వము 1,000 పౌండ్లు ఇచ్చెను. లాన్సెట్ పంపిన లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు చేరెను. లారీ, బ్రంటన్, జెరాల్డ్ బామ్‌ఫర్డ్, రుస్తమ్‌జీ హకీము సభ్యులుగా రెండవ కమిషను నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగములు జరిపి, ప్రతి దానిని వ్రాసి పెట్టెను. బ్రంటన్ కూడ లారీ అభిప్రాయమునకే ఒప్పుకొనెను. 1890లో ఆ నివేదిక లాన్సెట్‌లోనే వెలువడెను.

కాని కథ అంతటితో ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను శాస్త్రజ్ఞుడు, తేలికపాటి క్లోరోఫారము మత్తులో నున్నపుడు గుండె లయ తప్పి అకస్మాత్తుగా ఆగుట సంభవమేయని, ఎడ్రినలిన్ దానిని ప్రేరేపించునని నిరూపించెను. అనగా హైదరాబాదు తీర్మానము పూర్తిగా సత్యము కాదు. ఊపిరిని కనిపెట్టుడని అది చెప్పిన హితవు అనేకులను కాపాడినది. గుండెకు భయము లేదని అది ఇచ్చిన హామీ మాత్రము చెల్లలేదు. లారీ రోగులు బ్రదికినది ఆయన సిద్ధాంతము వలన కాక, ఆయన శ్రద్ధ వలన కావచ్చును. ఒక వైద్యుని చేతిలో వేయిమంది క్షేమముగా లేచినంత మాత్రమున ఆ పద్ధతి నిరపాయమని రుజువు కాదు. వేయిన్నొకటవ వాడు ఎందుకు లేవలేదో తెలిసినపుడే పద్ధతి స్వభావము తెలియును. అయినను హైదరాబాదు కమిషను ఘనత తగ్గదు. తన లెక్కను దాచక అచ్చు వేయించుట వలననే ఇతరులు దానిని తిరిగి పరీక్షింపగలిగిరి.

ఆ దినములలోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అను పారశీక వనిత మత్తుమందు ఇచ్చుటయే వృత్తిగా గైకొని, ప్రపంచమున ఆ వృత్తి నవలంబించిన తొలి మహిళలలో ఒకరుగా పేరు పొందెను. కోయువాడు వేరు, మత్తు నిచ్చి ఊపిరిని కాచువారు వేరు అను నియమము ఇచట అంత త్వరగా వేరూనినది. నేడు చిన్న గదిలో ఒకే వ్యక్తి రెండు పనులు చేయబూనునపుడు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనదగినది.

కొత్త పద్ధతిని తూచుటకు శ్రద్ధతోపాటు కాలము కూడ కావలెను. 19వ శతాబ్ది చివర వియన్నాలో గెర్సునీ అను వైద్యుడు ప్యారఫిన్ మైనమును కరగించి చర్మము క్రిందికి ఎక్కించు పద్ధతి ప్రవేశపెట్టెను. కోత లేదు, మచ్చ లేదు. పల్లమైన ముక్కు వెంటనే నిండుగా కనబడెను. అనేక దేశములలో దాని ననుసరించిరి. కొన్ని సంవత్సరములకు ఆ మైనము చోటు మారి, గడ్డలు కట్టి, చర్మమును చెడగొట్టెను. తీయబోయినచో మాంసముతో పాటు గాని రాదు. మొదటి నెలలో తీసిన చిత్రము సత్యమే. పదవ సంవత్సరపు ముఖమును చూచినవారు తక్కువ.

1962లో అమెరికాలో హ్యూస్టన్ నగరమున రొమ్ములలో సిలికోన్ తిత్తులను అమర్చుట మొదలైనది. అట్టి వస్తువులపై అచటి ప్రభుత్వమునకు అదుపు కలుగుటయే 1976లో. 1992లో వాటి వాడుకను చాలవరకు నిలిపివేసిరి. 1999లో అచటి వైద్య సంస్థ ఒకటి సాక్ష్యముల నన్నిటిని పరిశీలించి, అవి దేహమంతటికి వ్యాపించు జబ్బులను కలిగించునను భయమునకు ఆధారము లేదనియు, తిత్తి చినుగుట, చుట్టును కండ బిగియుట వంటి స్థానిక బాధలు మాత్రము తరచుగా కలుగుననియు చెప్పెను. 2006లో అనుమతి మరల ఇచ్చిరి. 2019లో గరుకు పూతగల ఒక రకము తిత్తులను, అరుదైన ఒక క్యాన్సరుతో సంబంధము కనబడుటచే, వెనుకకు రప్పించిరి. గ్రుడ్డి నమ్మకము వలె గ్రుడ్డి భయము కూడ లెక్క లేని చోటనే పెరుగునని దీనివలన తెలియుచున్నది. ఫ్రాన్సులో ఒక కంపెనీ వైద్యమునకు తగని సిలికోన్‌తో తిత్తులు నింపుచున్నదని 2010లో బయటపడినపుడు, అవి ఎవరెవరి శరీరములలో నున్నవో తెలిసికొనుటయే కష్టమైనది. అందుచేతనే ఇంగ్లండు 2016లో ప్రతి తిత్తిని నమోదు చేయు పట్టికను ప్రారంభించెను.

నేడు మన నగరములో ఎక్కువగా వినబడు పద్ధతులకు ఈ తూనికను పట్టి చూతము. కొవ్వును గొట్టముతో పీల్చివేయు చికిత్స 1970లలో ఇటలీ, ఫ్రాన్సులలో రూపు దిద్దుకొన్నది. మొదట రక్తస్రావము ఎక్కువగా నుండెను. అమెరికా వైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రకటించిన పద్ధతిలో, మిక్కిలి పలుచన చేసిన లిడోకెయిన్ మందును ఎడ్రినలిన్‌తో కలిపి కొవ్వులోనికి ఎక్కించుదురు. రక్తము పోవుట చాల తగ్గినది. ఇది నిజమైన పురోగతి. కాని ఆ మందు రక్తములో అధికమగునది పని ముగిసిన చాల గంటల తరువాత, 12 గంటల ప్రాంతమున. మోతాదు మించినచో ఆపద కలుగునది రోగి ఇంటికి చేరి నిద్రించు వేళ. కావున ఆ రాత్రి కాపలా కూడ చికిత్సలో భాగమే. ఆ ఖర్చు తగ్గించి చౌకగా చేయుదుమనువాడు ఏమి తగ్గించుచున్నాడో అడుగవలెను.

అట్లు తీసిన కొవ్వునే పిరుదులలోనికి ఎక్కించు ప్రక్రియ ఇటీవల అనేక దేశములలో వ్యాపించినది. మరణములు వినవచ్చుచుండగా, ఆ వృత్తివారే పూనుకొని లెక్క తీసిరి. 2017లో వెలువడిన ఆ నివేదిక ప్రకారము సుమారు 3,000 మందిలో ఒకరు మరణించుచున్నారు. కండలోని పెద్ద సిరలలోనికి కొవ్వు ప్రవేశించి ఊపిరితిత్తులకు చేరుటయే కారణమని తేలెను. కండలోనికి పోరాదు, చర్మము క్రిందనే నిలువవలెనని వృత్తి సంఘములు హెచ్చరించెను. తరువాతి సర్వేలో మరణముల నిష్పత్తి తగ్గినట్లు కనబడెను. ఓటములను లెక్కించుట వలన ప్రాణములు నిలుచునని చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

మన నగరమందే జరిగిన ఒక సంగతి కూడ చెప్పవలెను. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అను వైద్యుడు 1950లలో, విరిగి అతుకని ఎముకలకు, పొట్టియైన కాళ్లకు ఒక చట్రము కనుగొనెను. ఎముకను కోసి దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడము చేసినచో ఆ ఎడములో కొత్త ఎముక పెరుగును. కుంటివారిని నడిపించిన మహోపకారమది. అదే విద్యను ఆరోగ్యవంతులకు పొడవు పెంచుటకై వాడుట తరువాత మొదలైనది. 2016లో హైదరాబాదులో ఒక యువ సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఇంట చెప్పకుండ ఇట్టి శస్త్రచికిత్స చేయించుకొనెను. తల్లిదండ్రులు ఆసుపత్రికి వచ్చి ఆందోళన చేసిరి, పత్రికలు వ్రాసినవి, రాష్ట్ర వైద్య మండలి విచారణ జరిపి ఆ శస్త్రవైద్యునిపై చర్య గైకొనెను. యుక్తవయస్కుడు తన దేహమును గూర్చి తానే నిర్ణయించుకొనవచ్చును. ఆ హక్కును తల్లిదండ్రులైనను తీసివేయలేరు. కాని నెలల తరబడి మంచము, నొప్పి, మరల నడక నేర్చుట, ఇవన్నియు వినిన పిమ్మట చేసిన నిర్ణయమే నిర్ణయము. వినకుండ చేసినది సంతకము మాత్రమే.

ఈ భేదమును మన చట్టము గుర్తించినది. 2008లో సుప్రీము కోర్టు సమీరా కోహ్లీ వ్యాజ్యమున, చికిత్స స్వరూపమును, ఇతర మార్గములను, ప్రమాదములను ముందుగా తెలుపకుండ తీసికొన్న అంగీకారము చెల్లదనియు, ఒక శస్త్రమునకు ఇచ్చిన అంగీకారము మరియొక శస్త్రమునకు వర్తింపదనియు తీర్పు చెప్పెను. 2002 నాటి వైద్యవృత్తి నియమములు వైద్యుడు రోగులను ఆకర్షించుటకై ప్రకటనలు చేయుటను నిషేధించినవి. 2022లో జాతీయ వైద్య కమిషను, జుట్టు నాటు శస్త్రవిద్య కొలది దినముల శిబిరములలోను, యూట్యూబు చూచియు నేర్చునది కాదని స్పష్టపరచినది. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. పట్టము సాధారణ శస్త్రవిద్యలో ఎం.ఎస్. పూర్తియైన పిమ్మట మూడు సంవత్సరముల శిక్షణతో లభించును. ‘కాస్మెటిక్ సర్జన్’ అని బోర్డుపై వ్రాసికొనుటకు మాత్రము రంగు చాలును.

ఇట్టి నియమములు విద్యను కొందరి సొత్తుగా మార్చునని ఒక ఆక్షేపణ కలదు. అందులో కొంత నిజము లేకపోలేదు. ప్లాస్టిక్ సర్జనులకును చర్మవైద్యులకును నడుమ ఏ పని యెవరిదను తగవు నేటికిని తీరలేదు. ఆ తగవులో ధర్మముతో పాటు ఆదాయము కూడ మాటలాడును. అందము కోరుట అల్పమని చులకన చేయుటయు తగదు. పుట్టుకతో చీలిన పెదవి, నిప్పునకు ముడుచుకొన్న మెడ, ఆమ్లము కాల్చిన ముఖము, వీటిని బాగుచేయు చేతులే ముక్కునకు తీరు తెచ్చుచున్నవి. ఎచట అవసరము ముగిసి అలంకారము మొదలగునో గీత గీయుట సులభము కాదు. కావున పట్టమును మాత్రమే చూచి నమ్ముటయు, కోరికను మాత్రమే చూచి నిందించుటయు రెండును చాలవు.

చాలునది లెక్క. క్లినిక్కు గోడపై మునుపటి ముఖము, తరువాతి ముఖము ప్రక్క ప్రక్కన వ్రేలాడును. అవి గెలిచిన ముఖములు. ఓడిన ముఖములకు గోడపై చోటు లేదు. వాటి లెక్క అడిగినవారును తక్కువ. ఈ పని ఎన్ని మారులు చేసితిరి, ఎందరికి చెడినది, చెడినపుడు ఏమి చేసితిరి, మత్తుమందు ఎవరు ఇత్తురు, ఆ రాత్రి ఎవరు కాచుకొందురు అని అడుగుట అవమానపరచుట కాదు. సామర్థ్యముగల వైద్యుడు ఈ ప్రశ్నలకు సంతోషముతో జవాబు చెప్పును. కొన్ని వేళల ఆయన జవాబు ‘మీకిది వలదు’ అని కూడ ఉండవచ్చును. ఆరోగ్యముతో వచ్చిన మనుష్యుని ఆరోగ్యముతోనే ఇంటికి పంపుట ఈ వృత్తియందు ఓటమి కాదు. తన పద్ధతిని శంకించినవానిని ఖర్చు పెట్టి పిలిపించి, తన లెక్కను అతని ముందు పరచిన నగరమిది. ఆ లెక్క కొంత తప్పియుండవచ్చును. పరచుట మాత్రము తప్పు కాలేదు.